అల్మరా సంగతి తర్వాత... ముందు స్టూలు మార్చండి

మీ ఇంట్లో కుట్టు మిషన్ ఎక్కడుందో ఒకసారి లేచి చూడండి. చాలా ఇళ్లలో అది ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. లేదంటే పడకగదిలో బీరువా పక్కన, ఉతికిన బట్టలు నెత్తిన మోస్తూ ఉంటుంది. టీవీకి మంచి గోడ, సోఫాకి కిటికీ పక్క, దేవుడికి ఈశాన్యం పోగా మిగిలిన మూల మిషన్‌ది. దాని ముందు వీపు ఆనించుకునే వీలు లేని ఓ స్టూలు. దాని మీద మీ అమ్మో, భార్యో, అత్తగారో రోజూ మూడు నాలుగు గంటలు కూర్చుని జాకెట్లు కుడుతుంటారు, చీరలకు ఫాల్, పీకో చేస్తుంటారు. శ్రావణంలో, దసరా ముందు అది ఏడెనిమిది గంటలవుతుంది. రాత్రి పడుకునే ముందు మెడకు బామ్ రాయించుకుని ‘వయసు మీద పడుతోంది కదా’ అంటారు.

వయసు సంగతి అలా ఉంచి, ముందు ఆ స్టూలు సంగతి చూడమంటాను.

మా వదిన ఇరవై ఏళ్లుగా ఇంట్లోనే కుడుతోంది. పిల్లల ఫీజుల్లో ఆ మిషన్ వాటా చిన్నదేం కాదు. పెద్దవాడు హాస్టల్‌కి వెళ్లాక ఖాళీ అయిన చిన్న గదిని వదినకి కుట్టు గదిగా మార్చాలని అన్నయ్య అనుకున్నాడు. మంచి ఆలోచనే. కార్పెంటర్ వచ్చి కొలతలు తీసుకున్నాడు. గోడ నిండా అల్మరాలు, దారాలకి అద్దాల షోకేసు, మిషన్ చుట్టూ సన్‌మైకా బల్ల. అంచనా 70 వేలు. ఆ కాగితం మొత్తం వెతికినా వదిన కూర్చునే కుర్చీ లేదు. లైటూ లేదు. గుండీల డబ్బాకి కూడా చోటు దొరికింది కానీ కుట్టే మనిషి గురించి ఎవరికీ తట్టలేదు. ‘నాకెందుకండీ ఇవన్నీ, ఆ డబ్బు దాచండి’ అని వదిన కొట్టిపారేసింది. నిజం చెప్పాలంటే మన ఇళ్లలో కుట్టు గది ముచ్చట చాలాసార్లు ఇక్కడే ఆగిపోతుంది. అయితే 70 వేలు, లేకపోతే ఏమీ వద్దు. మధ్యలో ఐదారు వేలతో అయ్యే పని ఒకటుందని ఎవరూ అనుకోరు.

ఆ పని మొదలయ్యేది లైటుతో. మన గదుల్లో ట్యూబులైటు సాధారణంగా ఒక గోడకి ఉంటుంది, మిషన్ ఎదురు గోడకి ఆనించి ఉంటుంది. అంటే కుట్టేవారి వీపు లైటు వైపు. వాళ్ల తల నీడ వాళ్ల బట్ట మీదే పడుతుంది. నల్ల జాకెట్టు మీద నల్ల దారం వేస్తున్నప్పుడు ఆ నీడలో కుట్టు కనబడాలంటే తల ఇంకాస్త వంచాల్సిందే. మనిషి తల బరువు దాదాపు 5 కిలోలు. 30 డిగ్రీలు ముందుకు వంచితే మెడ మీద పడే భారం 18 కిలోల దాకా ఉంటుందని 2014లో ఒక అమెరికా వెన్నెముక సర్జన్ లెక్క వేశారు. ఆయన లెక్క సెల్‌ఫోన్లు చూసేవారి గురించే అయినా, వంగిన మెడ ముందు ఫోన్ ఉందా, జాకెట్టు ఉందా అన్న తేడా మెడకి ఉండదు కదా! మీరు కండరాల నొప్పి అనుకుంటున్నది చాలాసార్లు లైటు తప్పు చోట ఉండటం వల్ల వచ్చినదే.

కుట్టుపని జరిగే చోట 750 లక్స్ వెలుతురు ఉండాలని ఐరోపా ప్రమాణాలు చెబుతాయి. మన హాల్లో రాత్రిపూట అందులో నాలుగో వంతు ఉంటే గొప్పే. అలాగని గదంతా లైట్లు బిగించక్కర్లేదు. చిన్న లైటుని దగ్గరకు తెస్తే చాలు. బల్బు దూరం సగానికి తగ్గిస్తే బట్ట మీద పడే వెలుతురు ఇంచుమించు నాలుగు రెట్లవుతుంది. మెడ వంచుకునే క్లిప్ లైటు ఒకటి తెచ్చి మిషన్‌కి ఎడమ పక్కన పెట్టండి. కుడివైపు మిషన్ ఒళ్లే అడ్డొచ్చి సూది దగ్గర నీడ పడుతుంది. కిటికీ కూడా ఎడమవైపున వచ్చేలా మిషన్ తిప్పగలిగితే పగలంతా కరెంటు ఖర్చే లేదు. గోడకి తెల్ల రంగో, లేత రంగో వేస్తే ఉన్న వెలుతురే రెట్టింపు అయినట్టనిపిస్తుంది.

నలభై దాటిన వాళ్ల విషయంలో ఇంకో మాట. సూదిలో దారం ఎక్కించడానికి పిల్లల్ని పిలవడం మొదలైందంటే చత్వారం వచ్చినట్టే. అందులో దాచుకోవాల్సిందేమీ లేదు. కళ్ల పరీక్షకి వెళ్లే ముందు మిషన్ దగ్గర మామూలుగా కూర్చుని, కంటి నుంచి సూది దాకా ఎన్ని అంగుళాలుందో టేపుతో కొలిపించుకోండి. ఆ అంకె డాక్టరుకి చెప్పండి. పేపరు చదివే దూరానికి ఇచ్చిన అద్దాలు మిషన్ దగ్గర సరిపోకపోతే, మెడ మళ్లీ పాత చోటికే వంగుతుంది.

ఇక కూర్చోవడం. పాత నల్ల మిషన్ బల్లలోకి దిగి ఉంటుంది కాబట్టి బట్ట జరిగే చోటు బల్ల ఎత్తులోనే ఉంటుంది. ఇప్పుడొస్తున్న తేలికపాటి మిషన్లని డైనింగ్ టేబుల్ మీద పెట్టేస్తున్నాం. అప్పుడు చెయ్యి రెండు మూడు అంగుళాలు పైకి లేవాలి. భుజాలు చెవుల వైపు పాకుతాయి. సాయంత్రానికి భుజాల మీద ఇటుకలు పెట్టినట్టుంటుంది. కూర్చున్నప్పుడు మోచేతులు మిషన్ మీది బట్ట ఎత్తులోనే ఉండాలి, పాదాలు పూర్తిగా ఆనాలి. దీనికి రెండు దారులు. పాత టేబుల్‌కి కార్పెంటర్ చేత మిషన్ సైజు కన్నం కొట్టించి లోపలికి దించడం మొదటిది. అది కుదరకపోతే కుర్చీ ఎత్తు పెంచి, పాదాల కింద చిన్న పీట వేసుకోండి, పెడల్‌నీ ఆ ఎత్తులోనే పెట్టుకోండి.

వదినకి సెకండ్ హ్యాండ్ ఆఫీసు కుర్చీ తెచ్చాం. వచ్చిన మర్నాడే ‘ఇది వద్దు, తీసుకుపొండి’ అంది. పెడల్ నొక్కిన ప్రతిసారీ టైల్స్ మీద కుర్చీ వెనక్కి జారిపోతోంది. చక్రాలు పీకించి రబ్బరు కాళ్లు వేయించాం. చేతులు ఆనించుకునే కొమ్ములూ విప్పేశాం, మోచేతులకి తగులుతున్నాయని. అప్పుడు గానీ అది కుట్టు కుర్చీ కాలేదు. ఇంకో సంగతి అప్పుడే తెలిసింది. ఇన్నేళ్లూ ఆమె బల్లకి సరిగ్గా మధ్యలో కూర్చుంటోంది. సూదేమో ఎడమవైపు ఉంటుంది. అంటే ఇరవై ఏళ్లుగా మెడ కాస్త ఎడమకి తిప్పే కుడుతోందన్నమాట. కుర్చీని జానెడు పక్కకి జరపడానికి పైసా ఖర్చు కాలేదు.

కటింగ్ మాత్రం దయచేసి నేల మీద మానండి. మంచం మీదా వద్దు. మోకాళ్ల మీద వాలి, నడుము వంచి, లైనింగ్ గుడ్డ పరిచి గంటసేపు కత్తెర ఆడించడం కుట్టడం కన్నా ఎక్కువ హాని చేస్తుంది. ఐదడుగులు దాటిన మనిషికి నిలబడి కత్తిరించడానికి 34 అంగుళాల ఎత్తు బల్ల బాగుంటుంది. అంటే ఇంచుమించు వంటింటి గట్టు ఎత్తు. మామూలు టేబుల్ 30 అంగుళాలే. కింద గుంట తవ్విన నాలుగు అంగుళాల చెక్క దిమ్మెలు కాళ్లకి వేయిస్తే సరిపోతుంది. పెద్దవాడు వదిలి వెళ్లిన చదువు టేబుల్‌కి అదే చేసి, పైన ప్లైవుడ్ పలక బిగించాం.

గది సర్దిపెట్టేవాళ్లు అన్నీ చేతికందే దూరంలో ఉండాలంటారు. ఈ ఒక్క విషయంలో నేను ఒప్పుకోను. కత్తెర, టేపు, చాక్ దగ్గరుండాలి. ఇస్త్రీ పెట్టె, దారాల స్టాండు మాత్రం గదికి అవతలి పక్కన పెట్టండి. భుజం అతికాక ఇస్త్రీ చేయాలి, రంగు మారినప్పుడు దారం మార్చాలి. ఆ నాలుగడుగులు నడిచినప్పుడే నడుముకి కాస్త ఊపిరి. అరగంటకోసారి లేవమని ఎవరు చెప్పినా గిరాకీ ఉన్నప్పుడు ఎవరూ లేవరు. పనే లేపాలి.

ఇస్త్రీ పెట్టె అన్నాను కాబట్టి ఒక హెచ్చరిక. 2000 వాట్ల స్టీమ్ ఐరన్‌ని మామూలు 6 యాంపియర్ల సాకెట్‌కి తగిలించకండి, ఎక్స్‌టెన్షన్ బాక్సుకి అసలే వద్దు. వైర్లు గోడ వెంబడే వెళ్లాలి. కింద పడ్డ గుండుసూదులు ఏరడానికి పాత స్పీకరు అయస్కాంతం ఒకటి ఉంచుకోండి, ఇంట్లో పాకే పిల్లలుంటే ఇది తప్పనిసరి.

చివరికి ఎంతయిందో చెప్పనా? కుర్చీ, దాని మార్పులతో కలిపి 1,800. ప్లైవుడ్ పలక 1,900. దిమ్మెలు 300. క్లిప్ లైటు 450, కొత్త ఎల్‌ఈడీ ట్యూబు 350, దాన్ని సరైన గోడకి మార్చిన ఎలక్ట్రీషియన్‌కి 400. రంగు డబ్బా 700, వేసింది అన్నయ్యే కాబట్టి కూలి లేదు, నేల మీద మరకలు మాత్రం ఉన్నాయి. పెడల్ కింద రబ్బరు మ్యాట్ 150. మొత్తం 6,050 రూపాయలు. మీ ఊళ్లో కాస్త అటూ ఇటూ కావచ్చు. బట్టలు ఇంకా అట్టపెట్టెల్లోనే ఉన్నాయి, వాటికేం నొప్పి లేదు.

ఇవన్నీ చేసినా కొన్ని నొప్పులు ఇంట్లో తేలేవి కావు. రాత్రి నిద్రలో బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే, చేతిలోంచి కత్తెర జారిపోతుంటే, మెడ నొప్పి చేతిలోకీ నడుము నొప్పి కాలిలోకీ పాకుతుంటే బామ్‌తో సరిపెట్టకండి. మణికట్టులోనో, వెన్నులోనో నరం నొక్కుకుపోతూ ఉండొచ్చు. షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లకీ తిమ్మిర్లు వస్తాయి కాబట్టి ఏది కారణమో డాక్టరే తేల్చాలి. వెళ్లినప్పుడు ‘ఇంట్లోనే ఉంటాను’ అని చెప్పకండి. ‘రోజుకి ఇన్ని గంటలు మిషన్ కుడతాను’ అని చెప్పండి. డాక్టరుకి కావలసింది ఆ ముక్క.

వదినకి మెడ నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను. బామ్ సీసా మాత్రం ఇదివరకటి కన్నా ఎక్కువ రోజులొస్తోంది. ఇప్పుడు ఇంట్లో పేచీ వేరే. వెలుతురు బాగుందని చిన్నది ఆ కటింగ్ బల్ల మీదే పుస్తకాలు పరుస్తోంది. శ్రావణం గిరాకీ మొదలయ్యేలోపు దానికో లైటు కొనాలి.