పండగ మనది, భయం వాటిది

దీపావళి అంటే పిల్లలకు సంబరం. ఇంట్లో కుక్కకు మాత్రం ఆ రాత్రి ఎప్పుడు తెల్లారుతుందా అని ఉంటుంది. మంచం కింద దూరి వణుకుతుంది, అన్నం ముట్టదు. మనం "వట్టి పిరికిది" అని నవ్వేస్తాం. నాకైతే అది నవ్వే విషయం కాదనిపిస్తుంది.

మన చెవికి దాదాపు 20,000 హెర్ట్జ్ వరకే వినిపిస్తుంది, కుక్కకు ఇంచుమించు 45,000 వరకు. పైగా ఇది పండగని, కాసేపటికి ఆగిపోతుందని మనకు తెలుసు. దానికి ఎవరు చెప్పాలి?

మా తలుపుల లాంటి ఊళ్ళలో కుక్కను ముద్దు కోసమే పెంచుకోరు. గొర్రెల దొడ్డికీ, శెనక్కాయ చేనుకూ అదే కాపలా. అది బెదిరి పరిగెత్తితే కదిరి రోడ్డు మీద ఏ లారీ కిందో పడొచ్చు. గొలుసుతో కట్టేస్తే పెనుగులాడి మెడకు ఉరి పడొచ్చు. ఆ బెదురులో ఇంటి పిల్లనే కరవొచ్చు కూడా. కరిస్తే వెంటనే సబ్బు, నీళ్ళతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి తీసుకుపోవాలి.

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. పొద్దు గూకకముందే తిప్పుకొచ్చి అన్నం పెట్టేయండి. కిటికీలు మూసిన గదిలో దానికి అలవాటైన పాత దుప్పటి, నీళ్ళు ఉంచి, ఫ్యానో టీవీయో వేయండి. మెడ పట్టీ మీద మీ ఫోన్ నంబరు రాయండి. "బుజ్జగిస్తే భయం ఇంకా ఎక్కువవుతుంది" అంటారు కొందరు. అది నిజం కాదు. పక్కన కూర్చుని నిమరండి, తిట్టొద్దు, బయటికి లాగొద్దు. పండగకు కొన్ని వారాల ముందు నుంచే టపాకాయల శబ్దాన్ని ఫోన్‌లో చాలా సన్నగా వినిపిస్తూ ఇష్టమైన తిండి పెడితే మెల్లగా అలవాటు పడుతుంది. బెదిరితే శబ్దం ఇంకా తగ్గించాలి. మరీ వణికే వాటికి పశువుల డాక్టరును ముందే అడగండి. మన మాత్రలు మాత్రం వేయొద్దు. పిల్లికి పారాసిటమాల్ విషమే.

"కుక్క కోసం పండగ మానుకోవాలా?" అని అడిగేవాళ్ళుంటారు. మానుకోమని ఎవరన్నారు? 2018లో సుప్రీంకోర్టు దీపావళి టపాకాయలకు రాత్రి 8 నుంచి 10 వరకు రెండు గంటలు ఇచ్చింది. ఆ వేళ పాటిస్తే కుక్కలే కాదు, చంటిపిల్లలూ, ముసలివాళ్ళూ, పాకలో పశువులూ నిద్రపోతారు. తమిళనాడు శివగంగ జిల్లాలో కొల్లుకుడిపట్టి వాళ్ళు గూళ్ళలోని పక్షులు బెదురుతాయని ఏళ్ళ తరబడి టపాకాయలే కాల్చడం లేదు. మన జిల్లాలోనే చిలమత్తూరు మండలం వీరాపురంలో ఇళ్ళ మధ్య చెట్లపై గూళ్ళు కట్టే కొంగలను ఊరంతా కాపాడుకుంటోంది. ఊరు ఊరంతా చేయగలిగినప్పుడు, మన వీధి రెండు గంటలతో సరిపెట్టుకోలేదా?

టపాకాయల లిస్టు రాసేటప్పుడు ఇంట్లో మన మాట చెల్లుతుంది కదా. ఈసారి బాంబులు కొట్టేసి, కాకరపువ్వొత్తులు, చిచ్చుబుడ్లు రాయండి. పిల్లలకు కారణం చెప్పండి, వాళ్ళు మనకన్నా త్వరగా అర్థం చేసుకుంటారు.