పట్టా ఆమె పేర, ప్లాను ఎవరి పేర?

ఈమధ్య నంద్యాలలో ఒక సదస్సుకి వెళ్లాను. విషయం సమకాలీన గృహనిర్మాణం. మాట్లాడినాయన తెర మీద వియత్నాం ఇళ్లు చూపించారు. హోచిమిన్ నగరంలో 4 మీటర్ల వెడల్పు స్థలంలో వో చోంగ్ ఙియా బృందం 2011లో కట్టిన ఇల్లు ఒకటి, ముఖమంతా వరసలుగా మొక్కల తొట్లు. అందమైన ఇల్లే. తర్వాత మన చౌడు మిద్దెల ఫొటోలు చూపించి, ఎంత పోగొట్టుకున్నామో చూడండని నిట్టూర్చారు. హాలంతా నిట్టూర్చింది. నాకు మాత్రం నిట్టూర్పు రాలేదు.

ఆళ్లగడ్డలో మా అవ్వది చౌడు మిద్దే. మందపాటి రాతిగోడలు, పైన దంతెలు, కింద నాపబండలు. మే నెలలో కూడా లోపల చల్లగా ఉండేది, కాదనను. కానీ ఆ చల్లదనం వెనక పని ఎవరిది? వానలకు ముందు చౌడు తట్టలు నెత్తినెత్తుకుని నిచ్చెన ఎక్కింది ఎవరు? కారే ప్రతి చోటా తపేలా పెట్టి రాత్రంతా మేలుకుంది ఎవరు? అరుగు మీద మగవాళ్ల రాజకీయాలు, వెనక పొగలో ఆడవాళ్ల దగ్గు. మరుగుదొడ్డి లేదు, చీకటి పడేదాకా ఆగాలి. అసలా ‘మనం’లో ఎవరున్నారు? భూమి ఉన్నవాళ్లకు మిద్దె, ఊరి చివర వాడలో కొట్టం. కొట్టంలో పుట్టిన ఆడమనిషికి సిమెంటు స్లాబు వికారమైన కట్టడం కాదు. నిప్పుకీ గాలికీ వెరవకుండా పడుకునే మొదటి రాత్రి అది. ఆమె ముందు నిలబడి మట్టి గొప్పదనం గురించి ఉపన్యసించడానికి కొంచెం సిగ్గుండాలి.

అలాగని స్లాబుకు హారతి పట్టమనీ కాదు. 2020 డిసెంబరు 25న రాష్ట్రంలో 30 లక్షలకు పైగా ఇళ్లస్థలాల పట్టాల పంపిణీ మొదలైంది. అన్నీ ఆడవాళ్ల పేర్లతోనే. పి. సత్యవతిగారి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లాలు ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోతుంది. ఇక్కడ ఆ పేరు సర్కారు కాగితమెక్కింది! ఇది చిన్న విషయం కాదు. భర్త వెళ్లగొట్టలేని గుమ్మం ఒకటి చట్టంలోనైనా దొరికింది.

కానీ ఆ గుమ్మం లోపల? పట్టణంలో ఒక సెంటు, అంటే 48.4 చదరపు గజాలు. పల్లెలో సెంటున్నర. ఇల్లు 340 చదరపు అడుగులు. ఒక పడకగది, హాలు, వంటగది, స్నానానికీ దొడ్డికీ ఒక మూల, ముందు చిన్న వరండా. ఇందులో అత్త ఎక్కడ పడుకోవాలి? పదో తరగతి పిల్ల ఎక్కడ చదువుకోవాలి, నెలసరి గుడ్డ ఎక్కడ ఆరేసుకోవాలి? మిరపకాయలెక్కడ ఎండేయాలి? కుట్టుమిషను ఎక్కడ పెట్టాలి? ఆ మిషనే ఆ ఇంటికి ఆదాయం. ఎండాకాలం 45 డిగ్రీలకు చేరే చోట పలచని స్లాబు పగలంతా వేడి తాగి రాత్రంతా కక్కుతుంది. మగవాళ్లు మంచం వీధిలో వేసుకుంటారు. ఆడవాళ్లు ఎక్కడ వేసుకోవాలి? (ఆ వియత్నాం ఇంట్లో మొక్కలకు నీళ్లు పట్టడానికి కూడా తొట్లలోనే గొట్టాలు అమర్చారు. ఇక్కడ బిందె మోసే మనిషి కోసం ఆ మాత్రం ఆలోచన కూడా ఎవరికీ తట్టలేదు.) 2024లో ప్రభుత్వం మారాక పట్టణంలో 2, పల్లెలో 3 సెంట్లన్నారు. కొలత మారితే మంచిదే. గీసేముందు ఆమెను అడగాలన్న మాట మాత్రం రెండు లెక్కల్లోనూ లేదు.

ఆడ ఆర్కిటెక్టులు వస్తే సరిపోతుందంటారా? నాకు సందేహమే. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1926లో మార్గరెట్ షుట్టె-లిహోట్స్కీ రూపొందించిన వంటగది 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. అడుగులు లెక్కపెట్టి అలుపు తగ్గించాలనుకుంది ఆవిడ. తగ్గించింది కూడా. కానీ అందులో ఒక్క మనిషే పడుతుంది. ఆ ఒక్క మనిషి ఎవరో ముందే నిర్ణయమైపోయింది. మా నాన్న మూడు సెంట్లలో కట్టించిన ఇంట్లోనూ అంతే. ఆగ్నేయంలో వంటగది, కిటికీ తీస్తే రెండడుగుల్లో పక్కింటి గోడ. ఆ కిటికీ అక్కడ వద్దని అమ్మ అంది. “నీకేం తెలుస్తుంది” అన్నాడు మేస్త్రీ, అమ్మతో కాదు, నాన్నవైపు తిరిగి. ఇరవై రెండేళ్లుగా అమ్మ ఆ గోడనే చూస్తోంది.

మనమేం తక్కువ? సాహిత్యంలో ‘ఇల్లు’ మీద ఎన్ని పత్రాలు సమర్పించాం! ఇల్లు జైలు, ఇల్లు గూడు, ఇల్లు దేహం. నా పరిశోధనలోనూ ఒక అధ్యాయం అదే. దానికోసం ఒక్క వంటగదినైనా టేపు పెట్టి కొలిచిన పాపాన పోలేదు.

సదస్సు అయిన మర్నాడు నంద్యాల శివార్లలో ఒక కాలనీకి వెళ్లాను. పునాదుల దగ్గర ఒకామె ముగ్గుపిండితో నేల మీద గీతలు గీస్తోంది. ఇక్కడ పొయ్యి, ఇక్కడ మిషను, ఇక్కడ కిటికీ. వీధి కనబడాలంట, కుట్టుకుంటూ పిల్లల్ని చూసుకోవచ్చంట. “మేడం, సదువుకున్నావు గదా, కిటికీ ఈ పక్కకి పెట్టమని ఒక కాయితం రాసియ్యి” అంది.

రాశాను. ఆ కాయితం ఎవరికివ్వాలో ఇద్దరికీ తెలియలేదు.