ముద్ర పడకముందే

బాపట్ల, చీరాల మధ్య రైలుమార్గంలో స్టువర్టుపురం అనే చిన్న స్టేషను ఉంది. చాలాకాలంపాటు తెలుగునాట ఆ ఊరి పేరు వినగానే జనానికి దొంగతనాలే గుర్తుకు వచ్చేవి. నిజానికి ఆ ఊరు తనంతట తాను వెలసినది కాదు. సంచార జీవనం గడిపే ఎరుకల కుటుంబాలను ఆంగ్ల ప్రభుత్వం ‘నేరస్థ జాతి’గా ప్రకటించి, ఒకచోట కట్టడి చేసి ఉంచడానికి 1910వ దశకంలో ఏర్పాటు చేసిన సెటిల్‌మెంటు అది. దాని నిర్వహణను సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. ఆ ఊరిలో పుట్టడమే అనుమానానికి చాలిన కారణమైంది. 1871లో ఉత్తరాదిన మొదలై, 1911లో మద్రాసు రాజధానికి విస్తరించిన నేరస్థ జాతుల చట్టం స్వాతంత్ర్యానంతరం 1952 నాటికి దేశమంతటా రద్దయింది. చట్టం పోయినంత సులువుగా ముద్ర పోలేదు. 1970వ దశకంలో లవణం, హేమలతా లవణం దంపతులు అక్కడికి వెళ్ళి, నేరవృత్తిని విడిచిపెట్టదలచిన వారికి అండగా నిలిచారు. మహాకవి జాషువ కుమార్తె అయిన హేమలత తన జీవితంలో ఎక్కువ భాగం ఇటువంటి సంస్కరణ కార్యానికే వెచ్చించారు. పెద్దలలో పరివర్తనతోపాటు పిల్లల చదువుకు కూడా ఆ కృషిలో చోటు దక్కింది. ఒక తరం మారినా తరువాతి తరాన్ని ఊరి పేరు వెంటాడుతుంది గదా!

నేటి ముద్రకు కులం పేరు అక్కరలేదు. ఫలానా బస్తీ కుర్రవాడనీ, పదో తరగతి తప్పినవాడనీ, పనీపాటా లేనివాడనీ అంటే చాలు. వీధిలో ఏ వస్తువు పోయినా చూపులు మొదట అతని వైపే తిరుగుతాయి.

జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా పద్దెనిమిదేళ్ళు నిండనివారిపై 30,555 కేసులు నమోదయ్యాయి. అదుపులోకి తీసుకొన్న 37,780 మందిలో 29,690 మంది పదహారేళ్ళు నిండి పద్దెనిమిదేళ్ళు నిండనివారు. అంటే ఇంటర్మీడియట్ తరగతి గదిలో కూర్చొని ఉండవలసిన వయసువారు. ఇంతటి దేశానికి ఈ సంఖ్య పెద్దదేమీ కాదు. పిల్లలంతా చెడిపోతున్నారని గగ్గోలు పెట్టేవారు ఈ లెక్కను ఒకసారి చూడవలసి ఉంది. ఆ నివేదికలు ఏటేటా చెబుతున్న మరొక సంగతి ఇంకా ఆలోచింపదగినది. ఈ పిల్లలలో అత్యధికులు దిక్కూమొక్కూ లేనివారు కారు. తల్లిదండ్రుల వద్దనే ఉంటున్నవారు.

ఇల్లుండగా దారి తప్పడం ఎట్లా జరుగుతుంది? పదో తరగతి తప్పిన ఒక కుర్రవానిని ఊహించుకోవచ్చు. తోటివారు కాలేజీలలో చేరిపోతారు. అతడు సప్లిమెంటరీ పరీక్ష కూడా తప్పుతాడు. తండ్రి ఆటో నడిపి రాత్రికిగాని ఇల్లు చేరడు. తల్లి నాలుగిళ్ళలో పనిచేసి వస్తుంది. కొడుకు మీద ప్రేమ లేక కాదు, పగటిపూట వారి చేతిలో లేదు. ఉదయం నుంచి చీకటి పడేవరకు ఆ కుర్రవానికి హాజరు వేసేవారు ఎవరూ ఉండరు. సందు మొగలో అతనికన్నా ఐదారేళ్ళు పెద్దవాడొకడు టీ ఇప్పిస్తాడు, బండి నడపనిస్తాడు, ఆప్యాయంగా పేరు పెట్టి పిలుస్తాడు. బడిలో అతనిని అలా పిలిచినవారు తక్కువ. ఒకనాడు ఇద్దరూ కలిసి ఎవరిదో మోటారు సైకిలును సరదాకు తీసుకొనిపోయి, పెట్రోలు అయిపోయేదాకా తిరిగి వదిలిపెడతారు. మరొకసారి వదిలిపెట్టరు, అమ్ముతారు.

కుర్రవాడు పట్టుబడిన ఆ క్షణం నుంచి మన చట్టం చాలా వరకు మానవీయంగానే ఉంది. పిల్లలను పెద్దల జైళ్ళకు దూరంగా ఉంచాలన్న ఆలోచన దక్షిణాదికి కొత్తది కాదు. 1920 నాటి మద్రాసు బాలల చట్టం దేశంలో ఈ కోవకు చెందిన మొదటి చట్టం. తరువాత 1986లో, 2000లో, 2015లో జాతీయ స్థాయి చట్టాలు వచ్చాయి. ప్రస్తుత చట్టం ప్రకారం బాలుని పోలీసు లాకప్పులో ఉంచరాదు. ఇరవై నాలుగు గంటలలోగా జువెనైల్ జస్టిస్ బోర్డు ఎదుట హాజరు పరచాలి. ఆ బోర్డులో మేజిస్ట్రేటుతోపాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, వారిలో ఒకరైనా స్త్రీ అయి ఉండాలి. సాధారణ దొంగతనం మూడేళ్ళకు మించని శిక్షకు సంబంధించినది కనుక చిన్న నేరాల కిందికి వస్తుంది. అటువంటప్పుడు మందలింపు, కౌన్సెలింగు, సమాజ సేవ, ప్రొబేషను వంటి మార్గాలు బోర్డు చేతిలో ఉన్నాయి. బాలుని పేరు, ఫొటో పత్రికలలో రాకూడదు. ముద్ర ఎంత ప్రమాదకరమో చట్టం గ్రహించిందనడానికి ఇదే నిదర్శనం.

లోపం అంతకు ముందటి కాలంలో ఉంది. బడి మానిన రోజుకూ, బండి పోయిన రోజుకూ మధ్య ఏడాదో రెండేళ్ళో గడుస్తాయి. ఆ కాలానికి జవాబు చెప్పవలసిన శాఖ ఏదో చెప్పడం కష్టం. హాజరు పట్టీలో పేరు కొట్టివేయడంతో బడి బాధ్యత తీరిపోతుంది. కేసు నమోదు కావడంతోగాని పోలీసు బాధ్యత మొదలు కాదు.

పేరు కొట్టివేయకుండా పిల్లవాని ఇంటికి వెళ్ళవచ్చునని తెలుగునేలపైనే ఒక సంస్థ చూపించింది. ఆచార్య శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లా గ్రామాలలో పనిలో ఉన్న పిల్లలను వెదకి, తల్లిదండ్రులను ఒప్పించి, శిబిరాలలో చదువు అందుకొనేలా చేసి బడులలో చేర్పించింది. బడికి రాని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నది ఆ సంస్థ వాదం. ఈ కృషికి శాంతా సిన్హా 2003లో రామన్ మెగసెసే పురస్కారం అందుకొన్నారు. అది నేరనివారణ కోసం తలపెట్టిన పని కాదు. అయినా ఏ నేరనివారణ ప్రణాళికకైనా అంతకు మించిన పునాది దొరకదు.

నాగపూరులో విజయ్ బార్సే అనే క్రీడోపాధ్యాయుడు వర్షంలో మురికివాడ పిల్లలు విరిగిన బకెట్టును బంతిగా తన్నుతుండగా చూశారు. వారికి నిజమైన బంతిని ఇచ్చి, 2001లో మురికివాడల పిల్లల ఫుట్‌బాల్ పోటీలకు శ్రీకారం చుట్టారు. ఆయన జీవితం ఆధారంగా 2022లో హిందీ చలనచిత్రం కూడా వచ్చింది. ఆయన ఆ పిల్లలకు మొదట ఉపన్యాసం ఇవ్వలేదు, బంతి ఇచ్చారు. జట్టులో ఉన్నవాడు మరునాడు సాయంకాలం రాకపోతే పదిమంది అడుగుతారు. తన కోసం ఎదురుచూసే మనిషి ఉన్నాడన్న ఎరుక ఆ వయసులో చేసే మేలు అంతా ఇంతా కాదు. మన దగ్గర మాత్రం యువతకు అవగాహన సదస్సులంటే వేదిక, పూలదండలు, ఒక బ్యానరు, గంటన్నర నీతిబోధ. అవి ఎవరికి అవసరమో ఆ కుర్రవాడు ఆ సభలో ఉండడు. కేరళలో 2010లో మొదలై 2018లో దేశమంతటికీ విస్తరించిన స్టూడెంట్ పోలీస్ క్యాడెట్ పథకం మెచ్చుకోదగినదే. అయితే అది కూడా బడిలో ఉన్నవారికే అందుతుంది.

ఈ కాలంలో సందు మొగలో ఎదురుచూసేది బండి సరదా ఒక్కటే కాదు. విశాఖ మన్యం నుంచి నగరాలకు గంజాయి తరలించేవారికి కుర్రవాళ్ళు చౌకగా దొరుకుతారు. ఒక సంచి చేరవేస్తే కొన్ని వేలు చేతిలో పడతాయి. సంచిలో ఇరవై కిలోలు దాటితే మాదకద్రవ్యాల చట్టం ప్రకారం పెద్దలకైతే కనీస శిక్ష పదేళ్ళు. కనీస శిక్ష ఏడేళ్ళు, ఆపైన ఉన్న నేరాలను 2015 చట్టం ఘోర నేరాలంటుంది. పదహారేళ్ళు దాటినవాడు అటువంటి నేరం చేశాడని ఆరోపణ వస్తే, అతనిని పెద్దవానిగా విచారించాలా అన్న ప్రశ్న తలెత్తుతుంది. సంచి అందుకొన్న నాడు అతనికి ఈ లెక్క ఎవరూ చెప్పి ఉండరు. పిల్లలచేత మాదకద్రవ్యాలు మోయించినవారికి ఏడేళ్ళదాకా కఠిన కారాగారం విధించవచ్చునని ఆ 2015 చట్టమే చెబుతున్నది. ఆ సెక్షను కింద శిక్షలు పడేలా చూడడం కూడా యువతను కాపాడే పనిలో భాగమే.

దీనికి ఎదురువాదం ఉంది, అది తేలికగా తోసివేయదగినది కాదు. 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన దారుణంలో నిందితులలో ఒకడు పద్దెనిమిదేళ్ళు నిండనివాడు. మూడేళ్ళకు అతడు విడుదలైనప్పుడు కూతురిని పోగొట్టుకొన్న తల్లిదండ్రుల ఆవేదన దేశమంతా చూసింది. ఆ బాధ ముందు సంస్కరణను గురించిన మాటలు చప్పగా వినిపించడం సహజం. అయితే 2013 జనవరిలో నివేదిక ఇచ్చిన జస్టిస్ వర్మ కమిటీ వయోపరిమితిని తగ్గించడానికి అంగీకరించలేదు. పార్లమెంటు మాత్రం 2015లో పదహారేళ్ళు దాటినవారి విషయంలో మినహాయింపు తెచ్చింది. దానిని ఎవరు సమర్థించినా, ఎవరు వ్యతిరేకించినా, అది నేరం జరిగిన తరువాత పనిచేసేది. బాధితురాలికి నిజంగా ఉపకరించగలిగినది అంతకు కొన్నేళ్ళ క్రితం, ఇల్లు విడిచి నగరం చేరిన ఒక పసివానిని ఎవరైనా పట్టించుకొని ఉండడమే. బాధితుల పక్షాన మాట్లాడేవారు శిక్షను గురించి ఎంత గట్టిగా అడుగుతారో, దీనిని గురించి కూడా అంత గట్టిగా అడగడం న్యాయం.

ఈ పనికి కావలసినవి కొన్ని అతి సామాన్యమైనవి. పదో తరగతి తప్పినవారి జాబితా ప్రతి ఉన్నత పాఠశాలలోనూ ఉంటుంది. ఫలితాలు వచ్చిన నెలలోపు ఒక ఉపాధ్యాయుడు, ఒక పూర్వవిద్యార్థి కలిసి ఆ ఇళ్ళకు వెళ్ళి, సార్వత్రిక పాఠశాల గురించో, ఏదైనా పని నేర్పే శిక్షణ గురించో చెప్పి రావచ్చు. ఇంటర్మీడియట్ విద్యార్థులే ఇందులో ఉపాధ్యాయులకన్నా ఎక్కువ పనికివస్తారు. నిరుడు పక్క బల్లపై కూర్చున్నవాని మాట ఆ వయసువారు వింటారు. పాఠశాల మైదానాలను మాత్రం సాయంకాలం గేటుకు తాళం వేసి మూసివేస్తున్నారు. ఆ గోడ అవతలనే కుర్రవాళ్ళు బండ్ల మీద కూర్చొని ఉంటారు. మైదానాన్ని రాత్రి ఎనిమిదింటి వరకు తెరచి ఉంచడానికి ఒక కాపలాదారు జీతం, రెండు పెద్ద దీపాల కరెంటు ఖర్చు అవుతాయి.