పొగను వదిలి.. వయసుపై వడ్డన!

పాత వాహనాలకు పెరిగిన రెన్యువల్ భారం
చిన్న మరమ్మతులతోనే కాలుష్య పరీక్ష నెగ్గే వీలున్నా కొరవడిన అవగాహన

నందిపేట్: నందిపేట్ నుంచి ఆర్మూర్ వైపు, నిజామాబాద్ వైపు సాగే దారుల్లో ‘ఏపీ 25’ అన్న నంబరు పలకలు నేటికీ కనిపిస్తూనే ఉన్నాయి. 2014లో రాష్ట్రం ఏర్పడ్డాక ‘టీఎస్ 16’ వచ్చింది. 2024 మార్చి నుంచి ‘టీజీ’ మొదలైంది. పాత పలక మాత్రం పాల క్యాన్లు, ఎరువుల బస్తాలు మోస్తూ పొలం బాట పడుతూనే ఉంది. ఆ అక్షరాలున్న బండికి పదేళ్లు నిండినట్టే లెక్క. వాటిలో 2010, 2011 సంవత్సరాల్లో కొన్న సొంత వాహనాలకు పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ గడువు 2025, 2026 సంవత్సరాలతో తీరుతుంది. రెన్యువల్‌కు వెళ్లే యజమానికి బీమాతో పాటు కాలుష్య ధ్రువపత్రమూ కావాలి. చిక్కంతా అక్కడే మొదలవుతోంది.

పదిహేనేళ్లు దాటితే బండి తుక్కే అన్న మాట పల్లెల్లో బలంగా నాటుకుపోయింది. ఇది ఢిల్లీ నుంచి వచ్చిన భయం. దేశ రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాలు తిరగరాదని 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశించగా, 2018లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. 2025 ఆగస్టులో అదే కోర్టు ఆ యజమానులపై కఠిన చర్యలు వద్దని సూచించింది. ఆ ఆదేశాలన్నీ ఆ ప్రాంతానికి సంబంధించినవే. ప్రభుత్వ శాఖల వాహనాలకు మాత్రం 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లే ఆఖరు. సొంత బండి సంగతి వేరు. తనిఖీలో నెగ్గితే ఐదేళ్ల చొప్పున పొడిగించుకునే వీలును మోటారు వాహనాల చట్టం 41వ సెక్షనే కల్పిస్తోంది. ఈ తేడా తెలియక, బాగా నడిచే బండిని పాత ఇనుము ధరకు దళారుల చేతిలో పెడితే నష్టపోయేది రైతే.

అయితే పొడిగింపు ఇప్పుడు చౌకగా లేదు. కేంద్రం 2021 అక్టోబరులో నోటిఫై చేసిన రుసుములు 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. పదిహేనేళ్లు దాటిన మోటారు సైకిల్‌కు 300 రూపాయలు ఉన్నది 1,000కి, కారుకు 600 ఉన్నది 5,000కు పెరిగింది. ఇరవై ఏళ్లు దాటితే మోటారు సైకిల్‌కు 2,000, కారుకు 10,000 రూపాయలని 2025 ఆగస్టులో మరో నోటిఫికేషన్ వెలువడింది. రాష్ట్రం వసూలు చేసే గ్రీన్ టాక్స్ దీనికి అదనం. ఇంత పెంపులోనూ పొగ ఊసు ఎక్కడా లేదు. ఇంజిన్‌ను కంటికి రెప్పలా చూసుకున్న రైతూ, నల్లమబ్బులు వదులుతూ తిరిగే యజమానీ ఒకే రుసుము కడతారు. కాలుష్యం పేరు చెప్పి వయసుకు పన్ను వేయడం ఏ రకమైన న్యాయమో ఏలినవారే చెప్పాలి.

పరీక్షలో చూసేది ఏమిటి?

విచిత్రం ఏమిటంటే, కాలుష్య పరీక్ష మాత్రం పాత బండి పట్ల ఇంత కఠినంగా లేదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 115వ నిబంధన ప్రకారం ప్రతి బండినీ దాని కాలపు ప్రమాణంతోనే కొలుస్తారు. పెట్రోలు వాహనమైతే ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుండగా సైలెన్సర్‌లో గొట్టం పెట్టి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్ల పరిమాణం చూస్తారు. 2000 మార్చి 31 తర్వాత తయారైన ఫోర్ స్ట్రోక్ ద్విచక్ర వాహనానికి మొదటిది 3.5 శాతం, రెండోది 4,500 పీపీఎం దాటరాదు. టూ స్ట్రోక్ అయితే రెండో పరిమితి 6,000. అంతకుముందు నాటి స్కూటర్లకు 4.5 శాతం, 9,000 వరకు మినహాయింపు ఉంది. కార్లకు వచ్చేసరికి పట్టు బిగుస్తుంది. భారత్ స్టేజ్-2 కారుకు 0.5 శాతం, 750 పీపీఎం. స్టేజ్-4 కారుకు 0.3 శాతం, 200 పీపీఎం.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. 2010 ఏప్రిల్ నుంచి హైదరాబాద్‌లో స్టేజ్-4 కార్లే రిజిస్టర్ కాగా, మన జిల్లాల్లో 2017 వరకు స్టేజ్-3 బండ్లు అమ్ముడయ్యాయి. కాబట్టి ఒకే ఏడాది, ఒకే మోడల్ అయినా పరిమితి ఒకటి కాకపోవచ్చు. పరీక్షకు ముందు ఆర్సీ చూసుకుని, ఆపరేటరు కంప్యూటరులో ఏ స్టేజ్ ఎక్కిస్తున్నాడో అడగడం యజమాని బాధ్యత. ఒక్క అంకె తప్పు పడితే మంచి బండి కూడా తప్పుతుంది.

ముందు మెకానిక్.. తర్వాతే పరీక్ష

బండి తప్పితే చేతికి వచ్చే అంకెలే రోగం పేరు చెబుతాయి. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ ఉంటే ఇంజిన్‌కు గాలి చాలక పెట్రోలు ఎక్కువ పోతున్నట్టు. దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టర్, పూర్తిగా మూసుకోని చోక్, ఎక్కువ తిప్పిన మిక్చర్ స్క్రూ ఇందుకు కారణాలు. మన మట్టి రోడ్లపై, కోతల కాలపు దుమ్ములో ఫిల్టర్ ఎంత త్వరగా నిండుతుందో వేరే చెప్పనక్కర్లేదు. హైడ్రోకార్బన్లు ఎక్కువైతే పెట్రోలు కాలకుండానే బయటికి పోతోందని అర్థం. అప్పుడు ప్లగ్గు, దాని వైరు, ట్యాపెట్లు, టైమింగ్ చూడాలి. టూ స్ట్రోక్ స్కూటర్లలో మరీ ఎక్కువ ఆయిల్ కలపడమూ ఇదే ఫలితం ఇస్తుంది. మోటారు సైకిల్‌కు ఈ పనులన్నీ చేయించినా ఖర్చు సాధారణంగా వందల్లోనే ఉంటుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక పరీక్షకు నిలపడానికైతే పైసా ఖర్చు లేదు. ఊళ్లో నుంచి పదిహేను నిమిషాలు నడిపి తెచ్చిన బండికీ, పొద్దున్నే చల్లగా స్టార్ట్ చేసిన బండికీ అంకెల్లో ఎంతో తేడా వస్తుంది.

డీజిల్ ఆటోలు, జీపుల కథ వేరు. వీటిని గట్టిగా రేస్ చేసి పొగ చిక్కదనం కొలుస్తారు. స్టేజ్-4కు ముందువాటికి 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు, స్టేజ్-4 వాటికి 50 పరిమితి. ఎక్కువ మందిని ఎక్కించుకోవడానికి, బస్తాలతో ఎత్తు ఎక్కడానికి డీజిల్ పంపు స్క్రూ పెంచి ‘పుల్లింగ్’ తెప్పించుకోవడం ఆటోవాలాలకు పాత అలవాటు. పెరిగిన డీజిల్ కాలడానికి గాలి చాలదు. అది నల్ల పొగై వెనుక వచ్చే బడి పిల్లల ముఖాన పడుతుంది. పంపును కంపెనీ కొలతకు తెచ్చి, నాజిళ్లు శుభ్రం చేయించి, ఫిల్టర్ మారిస్తే చాలా ఆటోలు పరిమితిలోకి వస్తాయి. దీనికి మోటారు సైకిల్ పని కంటే ఎక్కువే అవుతుంది కానీ, వృథాగా పోయే డీజిల్ మిగులుతుంది. పుల్లింగ్ కొంత తగ్గే మాట నిజమే. పరిమితికి మించి జనాన్ని ఎక్కించకపోతే ఆ లోటు తెలియదు.

నీలం పొగ వస్తే మాత్రం చౌక వైద్యం లేదు. రింగులు, వాల్వ్ సీళ్లు అరిగి ఇంజిన్ ఆయిల్ కాలుతున్నట్టు. బోరు పని వేలల్లో ఉంటుంది. అటువంటి బండికి పరీక్ష వరకు స్క్రూ బిగించి, కాగితం చేతికి రాగానే వదులు చేయడం రోడ్డుపై అందరికీ తెలిసిన చిట్కాయే. దానితో ఆయిల్ కాలడం ఆగదు. చౌకగా దొరికే సైలెన్సర్ వేయించుకున్నవారిదీ ఇలాంటి అవస్థే. కంపెనీ సైలెన్సర్‌లో ఉండే కెటలిటిక్ కన్వర్టర్ అందులో ఉండదు. వెయ్యి మిగిలిందనుకున్న చోట పరీక్ష పోతుంది.

బంకులోకి చేరిన చెరకు

పెట్రోలులో 20 శాతం ఎథనాల్ కలపడం 2025లో దేశమంతటా సాధారణమైంది. ఎథనాల్ అనగానే మన ప్రాంతానికి చెరకు గుర్తుకొస్తుంది. 1937లో మొదలైన బోధన్ నిజాం షుగర్స్‌ను 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి మూసివేశారు. చెరకు రైతు దారి తప్పాడు గానీ, చెరకు, మొక్కజొన్న, బియ్యం నుంచి తీసిన ఎథనాల్ మాత్రం ప్రతి బండి ట్యాంకులోకి చేరింది. 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన నివేదిక ప్రకారం మామూలు పెట్రోలుతో పోలిస్తే ఈ ఇంధనంతో ద్విచక్ర వాహనాల కార్బన్ మోనాక్సైడ్ 50 శాతం, కార్లలో 30 శాతం తగ్గుతుంది. పరీక్షకు ఇది మేలే. కానీ అదే నివేదిక, పాత ప్రమాణాలకు తయారైన కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం, ద్విచక్ర వాహనాల్లో 3 నుంచి 4 శాతం తగ్గుతుందనీ చెప్పింది. పాత రబ్బరు పైపులు, కార్బొరేటర్ వాషర్లు ఎథనాల్‌కు తట్టుకునేలా తయారైనవి కావు. బండి కుదుపులు ఇస్తోందని మిక్చర్ స్క్రూ పెంచేస్తే వచ్చిన లాభం కాస్తా పోతుంది. పైపులు, వాషర్లు మార్చుకోవడమే దారి.

కాగితం దొరికితే చాలా?

ఇంత శ్రమ ఎందుకు, గొట్టం పెట్టకుండానే కాగితం ఇచ్చేవారు ఉండగా అన్నది చాలామంది వాదన. ఇది ఒక్క ఊరి జాడ్యం కాదు. ఢిల్లీలో 2015 నుంచి 2020 వరకు పరిమితి దాటిన 1.08 లక్షల వాహనాలకు ధ్రువపత్రాలు జారీ అయ్యాయని కాగ్ నివేదికే తేల్చింది. 2025లో అది అక్కడి శాసనసభ ముందుకు వచ్చింది. రాజధానిలోనే ఆ తీరైతే రోడ్డు పక్క వ్యాన్లను అడిగేవారెవరు? 2019 సవరణ చట్టం కాలుష్య నేరానికి జరిమానాను 10,000 రూపాయల వరకు పెంచింది. ఆ పెంపును రాష్ట్రంలో అమలు చేయబోమని నాటి ముఖ్యమంత్రి కేసీఆర్ అదే ఏడాది సెప్టెంబరులో శాసనసభలో ప్రకటించారు. కాలుష్య ధ్రువపత్రం లేనిదే బీమా రెన్యువల్ చేయరాదన్న 2017 నాటి షరతును సుప్రీంకోర్టు 2024 జులైలో తొలగించింది. ప్రమాద బాధితులకు పరిహారం అందకుండా పోతుందన్న ఆలోచనతో చేసిన మార్పు అది. దాంతో పరీక్షకు తీసుకెళ్లే ఒత్తిళ్లలో ఒకటి తగ్గింది.

పొగ కొలిచే యంత్రం ధ్రువపత్రం అమ్మేవారి దగ్గర ఉంది, పొగ తగ్గించే మెకానిక్ దగ్గర లేదు. అతడు చెవితో విని, ముక్కుతో వాసన చూసి ట్యూనింగ్ చేయాల్సిందే. నిజామాబాద్, బోధన్‌లలో ప్రభుత్వ ఐటీఐలు ఉన్నాయి. పెరిగిన రుసుముల్లో కొంత వెచ్చించి అక్కడ ఒక గ్యాస్ అనలైజరు, ఒక స్మోక్ మీటరు ఉంచితే, మెకానిక్ స్క్రూ తిప్పుతూ అంకె దిగడం చూసుకోవచ్చు. నెలకు ఒక సంత రోజున ఆ యంత్రాన్ని నందిపేట్ వంటి మండల కేంద్రాలకు తెచ్చి, జరిమానా భయం లేకుండా ఉచితంగా చూపించడం రవాణా శాఖకు పెద్ద పనేమీ కాదు.