ఊచలు తీసేసినంత మాత్రాన

సింగపూర్ ప్యాకేజీ టూరు కొన్న మనవాళ్లకు సెంతోసా ఎలాగో మండాయ్ కూడా అలాగే. పగలు జూ, రాత్రి నైట్ సఫారీ. తిరిగొచ్చాక చెప్పేది దాదాపు ఒకే మాట: "అక్కడ బోన్లే ఉండవండీ!" ఆ మెచ్చుకోలు అన్యాయం కాదు. 1973లో అప్పర్ సెలెటార్ రిజర్వాయరు ఒడ్డున తెరిచిన నాటి నుంచీ ఆ జూ ఊచల బదులు కందకాలను, నీటి కాలువలను, అద్దాలను, చెట్ల గుబుర్లను నమ్ముకుంది. ఒరాంగుటాన్లు మన తల మీది కొమ్మల్లోనే తిరుగుతాయి. ఫ్రాజైల్ ఫారెస్ట్ అనే గుమ్మటంలోకి వెళ్తే లీమర్లు దారికి అడ్డొస్తాయి. 1994లో మొదలైన నైట్ సఫారీ, చీకట్లో తిరిగే జంతువుల కోసమే కట్టిన మొదటి జూగా పేరుపడింది. అయితే ఈ సంతోషాన్నంతా జంతువుల ఖాతాలో వేయడం తొందరపాటు. ఊచలు లేకపోవడం వల్ల ముందుగా బాగుపడింది చూసేవాడి కన్ను.

ఈ కందకాల పద్ధతి పుట్టుకే ఆ సంగతి చెబుతుంది. 1907లో హాంబర్గ్ దగ్గర స్టెల్లింగెన్‌లో కార్ల్ హాగెన్‌బెక్ ఊచలు లేని జూ తెరిచాడు. ఆయన జంతువుల వ్యాపారి. ఏ జంతువు ఎంత దూరం దూకగలదో కొలిచి, ఆ లెక్కన కందకాలు తవ్వించి, అవి కంటపడకుండా దాచాడు. సింహమూ దాని వెనక కొండా ఒకే దృశ్యంలో కనిపించేలా వేదిక కట్టాడు. (సామీ జాతి మనుషుల్ని ఐరోపా నగరాల్లో ప్రదర్శనకు తిప్పి డబ్బు చేసుకున్నదీ ఈయనే.) స్వేచ్ఛ ఉన్నట్టు కనిపించడం వేరు, ఉండడం వేరు. మన హైదరాబాద్ నెహ్రూ జూ పార్కులో సింహాలకూ పులులకూ ఉన్నది ఈ కందకమే కాబట్టి, ఇది పరాయి దేశం మీద విసిరే రాయి కాదు.

జూను తూచాలంటే అది ఏ జంతువును ఉంచుకోకూడదని నిర్ణయించుకుందో చూడాలి. ఇందుకు ఇనూకా కథ చాలు. 1990 డిసెంబరులో సింగపూర్ జూలో పుట్టిన ఈ ధ్రువపు ఎలుగుబంటి, ఉష్ణమండలంలో పుట్టిన మొదటిదని అప్పట్లో గొప్పగా చెప్పుకున్నారు. 2004లో ఇనూకా, దాని తల్లి షెబా పచ్చబడ్డాయి. ఆ జాతి వెంట్రుకలు లోపల గుల్లగా ఉంటాయి. ఆ ఉక్కకు గుల్లల్లో నాచు పట్టింది. 2006లో ఏకర్స్ అనే స్థానిక జంతు సంక్షేమ సంస్థ అవి వేడికి రొప్పుతున్నాయని, చేసిన కదలికే పదే పదే చేస్తున్నాయని నివేదిక ఇచ్చింది. 2013లో ఇనూకాను చల్లటి కొత్త ఇంటికి మార్చారు. కీళ్లనొప్పులు, పంటి బాధలు, మానని పుండ్లతో వయసు మీదపడ్డాక, 2018 ఏప్రిల్‌లో పరీక్ష కోసం మత్తిచ్చిన వైద్యులు దాన్ని మళ్లీ మేల్కొల్పకూడదని నిర్ణయించారు. ఇక ధ్రువపు ఎలుగుబంట్లను తేబోమని జూ ప్రకటించింది. ఇనూకా 27 ఏళ్లు బతికింది కదా, మంచులో ఉన్నవి సాధారణంగా అంతకాలం బతకవు కదా అంటారు. నిజమే. కానీ ఆయుష్షు వైద్యుల పనితనాన్ని చెబుతుంది. మధ్యాహ్నం ఎలా గడిచిందో చెప్పదు.

పిల్లలకు చదువు అంటారా? వేడికి అటూ ఇటూ తిరుగుతున్న మృగాన్ని చూసి పిల్లవాడు ధ్రువప్రాంతం గురించి నేర్చుకునేది తక్కువే. జాతుల రక్షణ అన్న వాదన మాత్రం బలమైనది, కొట్టిపారేయలేం. 1987 నాటికి మిగిలిన కాలిఫోర్నియా కాండర్లు 27; అడవిలో ఉన్నవాటినీ పట్టి తెచ్చి శాన్ డీగో, లాస్ ఏంజెలిస్ జూలు పెంచకపోతే ఆ రాబందు జాతి ఉండేది కాదు. అయితే ఆ పని సందర్శకుల కంటికి దూరంగా జరిగింది. పక్షి కూనలు మనిషికి మాలిమి కాకూడదని చేతికి కాండర్ తల బొమ్మ తొడుక్కుని మేత పెట్టారు. మన దగ్గరా నెహ్రూ జూ పార్కు, లాకోన్స్ అనే పరిశోధన సంస్థ కలిసి పెంచిన మూషిక జింకల్ని అమ్రాబాద్ అడవిలో వదిలారు. ఆ పిరికి జీవాన్ని చూడాలని టికెట్ కొనేవారు ఎందరు?

అసలు చిక్కు ఇక్కడే. చూసే జంతువు లేకపోతే డబ్బు రాదు, డబ్బు లేకపోతే చాటున జరిగే పనీ ఆగుతుంది. అందుకే 2012లో చైనా నుంచి కై కై, జియా జియా అనే పాండాలు సింగపూర్‌కు అరువుగా వచ్చాయి. చల్లటి కొండల జంతువులకు భూమధ్యరేఖ పక్కన ఏసీ ఇల్లు కట్టారు. వాటి బాగోగులు శ్రద్ధగా చూస్తున్నారు, 2021లో పిల్ల కూడా పుట్టింది. ఇనూకా పడ్డ ఇబ్బంది వీటికి లేదనే అనుకుందాం. అయినా వాతావరణం సరిపడని జంతువును యంత్రాల మీద ఆధారపడి ఉంచకూడదన్న నియమం ఎలుగుబంటికి వర్తించి పాండాకు వర్తించకపోవడానికి, గేటు దగ్గర క్యూ తప్ప వేరే కారణం కనబడదు.