గొప్ప గోలు ఎవరిది?



ఫుట్‌బాల్‌లో నిజంగా గొప్ప గోలు ఏది? బంతి ఎంత వేగంగా వలలో పడిందని కాదు, ఎవరెవరి కాళ్ల మీదుగా వచ్చిందనే మేము చూస్తాము.

1970 జూన్ 21. మెక్సికో నగరంలోని అజ్టెకా స్టేడియంలో ప్రపంచ కప్ ఫైనల్. ఇటలీపై బ్రెజిల్ 1-0తో ముందుంది. అప్పుడు ఇరవై ఏళ్ల క్లోడోఆల్డో అజాగ్రత్తగా మడమతో తోసిన బంతి ఇటలీకి చిక్కి గోలైంది. లోకమంతా చూస్తుండగా జరిగిన తప్పు అది.

అయినా తోటివారు అతనికి బంతి ఇవ్వడం మానలేదు. 86వ నిమిషంలో అదే క్లోడోఆల్డో నలుగురిని తప్పించుకుని బంతిని రివెలినోకు అందించాడు. అతడు జైర్జీన్యోకు, జైర్జీన్యో పీలేకు ఇచ్చారు. పీలే తాను కొట్టకుండా, కుడివైపు నుండి పరుగెత్తి వస్తున్న కెప్టెన్ కార్లోస్ అల్బెర్టో ముందుకు మెల్లగా జరిపాడు. గోలు! 4-1.

పేరు కెప్టెన్‌కు వచ్చింది. దారి తీసింది మాత్రం తప్పిపోయినవాడే. అందుకే అది గొప్ప గోలు.

మరి మన సంఘంలో? ఒకసారి తొట్రిల్లిన సహోదరునికి మళ్లీ ప్రార్థన చేసే అవకాశమైనా ఇస్తున్నామా? పంఫూలియలో పని విడిచి వెళ్లిన మార్కును పౌలు వద్దన్నాడు, బర్నబా వెంటబెట్టుకున్నాడు. చివరికి అతన్ని తీసుకురమ్మని తిమోతికి రాసింది ఆ పౌలే.

తప్పును కప్పిపుచ్చమని మేము అనడం లేదు. మనిషిని వదిలేయవద్దంటున్నాము. మనం ఎవరికి బంతి ఇవ్వడం మానేశామో ఈ రాత్రి మోకాళ్ల మీద గుర్తు చేసుకుందాం. ఆమేన్.