మూడో అంతస్తుకి రసీదు లేదు

భద్రాచలం అనగానే మా బ్యాచ్‌లో చాలామందికి గుడి, గోదావరి, అడవి గుర్తొస్తాయి. "మీ దగ్గర అపార్ట్‌మెంట్లు కూడా ఉంటాయా బ్రో?" అని హైదరాబాద్ వాళ్ళు సీరియస్‌గానే అడుగుతారు. ఉంటాయి. బ్రిడ్జి సెంటర్ నుంచి అంబేద్కర్ సెంటర్ వైపు నడిస్తే కింద షట్టర్లు, పైన మూడు అంతస్తులు, నాలుగు అంతస్తులు. 2011 జనాభా లెక్కల నాటికే దాదాపు 50 వేల మంది ఉన్న ఊరు. కాగితం మీద మాత్రం గ్రామ పంచాయతీ. షెడ్యూల్డ్ ఏరియా కాబట్టి మామూలు మున్సిపాలిటీ చట్టాలు రాజ్యాంగం ప్రకారం ఇక్కడికి నేరుగా రావు.

ఆ అంతస్తుల్లో అద్దెకుండే మనుషుల గురించి రాద్దామనుకుంటున్నాను. మేమూ అందులో ఒక కుటుంబమే. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, గ్యాస్ బండ మోసినందుకు ఎక్స్‌ట్రా ఇవ్వాలి. అవన్నీ పర్లేదు. పర్లేదు అనలేనిది ఒకటుంది. ఆ ఇంట్లో మేం ఉంటున్నామని చెప్పే కాగితం ముక్క కూడా లేదు.

అసలు ఊరు ఇంత పైకి ఎందుకు లేచిందో ముందు చెప్పాలి. ఒక పక్క గోదావరి. మిగతా పక్కల ఒకప్పుడు మా మండలం పల్లెలే ఉండేవి. 2014లో పోలవరం ముంపు పేరుతో చుట్టూ ఉన్న మండలాలు ఆంధ్రప్రదేశ్‌కి వెళ్ళాయి, భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో మిగిలింది. ఎటపాక మా ఊరి చివరి వీధిలాగే ఉంటుంది కానీ వేరే రాష్ట్రం. చెత్త పోయడానికే జాగా దొరకని ఊరికి కొత్త కాలనీలు ఎక్కడ వస్తాయి? ఇటు చర్ల, దుమ్ముగూడెం, అటు చింతూరు, ఇంకా దాటితే ఛత్తీస్‌గఢ్, ఒడిశా ఊళ్ళ నుంచి కూడా ఆస్పత్రికీ చదువుకీ పనికీ జనం ఇక్కడికే వస్తారు. స్థలం అంతే, మనుషులు ఎక్కువ. అందుకే మేడ మీద మేడ.

ఇల్లు దొరికే పద్ధతి సింపుల్. టులెట్ బోర్డు చూసి పైకెక్కుతాం. ఓనర్ ఆంటీ మూడు ప్రశ్నలు అడుగుతారు. ఎంతమంది, ఏం పని, "ఏమనుకోకండి, మీరేవిట్లు?" మూడో ప్రశ్నకి సమాధానం నచ్చితే అడ్వాన్సు మాట. నచ్చకపోతే "నిన్ననే వేరేవాళ్ళకి మాటిచ్చేశామమ్మా." బోర్డు మాత్రం ఇంకో నెల అక్కడే వేలాడుతుంది. అడ్వాన్సు చేతికిచ్చాక మా అమ్మ "ఒక చిన్న రసీదు ఇస్తారా అన్నయ్యగారూ" అంటే ఓనర్ అంకుల్ నవ్వి, "రసీదు ఎందుకమ్మా, మనం మనం ఒకటే కదా. అయినా ఇది వన్ సెవెంటీ ఏరియా, ఇక్కడ కాగితాలు రాయకూడదు" అన్నారు. ఫోన్‌పే చేస్తామంటే "క్యాషే ఇవ్వండి" అన్నారు. ఏడాదికోసారి అద్దె పెంచేటప్పుడు మాత్రం వన్ సెవెంటీ ఆయనకి గుర్తు రాదు.

ఈ వన్ సెవెంటీ అంటే ఏంటో మాలో చాలామందికి సరిగ్గా తెలీదు, ఊళ్ళో పుట్టి పెరిగిన నాక్కూడా ఇంటర్‌లో గానీ అర్థం కాలేదు. ఏజెన్సీలో ఆదివాసీల భూమి బయటివాళ్ళ చేతుల్లోకి పోకుండా 1917లోనే మద్రాసు ప్రభుత్వం ఒక చట్టం చేసింది. తర్వాత 1959లో భూ బదలాయింపు నిబంధనలు, 1970లో వాటికి గట్టి సవరణ. ఆ సవరణ నంబరే 1 ఆఫ్ 70. దాని ప్రకారం షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతరులకి భూమి బదిలీ చెల్లదు, అమ్మేవాడు గిరిజనేతరుడైనా సరే. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, కాదని రుజువయ్యేదాకా అది గిరిజనుల నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది. బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు, తాకట్టు, దానం, లీజు కూడా. కాబట్టి మా ఓనర్ అంకుల్ భయం పూర్తిగా ఉత్తుత్తిది కాదు. కాగితం రాస్తే, ఈ స్థలం మీకెలా వచ్చింది అనే ప్రశ్నకి ఆ కాగితమే దారి చూపిస్తుంది.

ఇక్కడే మా ఊళ్ళో చాలామందితో నాకు పేచీ. "ఈ చట్టం తీసేస్తే అన్నీ సెట్ అవుతాయి, లోన్లు వస్తాయి, అగ్రిమెంట్లు వస్తాయి" అని హోటళ్ళ దగ్గర పెద్దవాళ్ళు గట్టిగా వాదిస్తుంటారు. చట్టం వల్ల రసీదు రావట్లేదనడం తప్పు. చట్టాన్ని దాటుకుని ఇల్లు కట్టి, అదే చట్టాన్ని చూపించి రసీదు ఎగ్గొట్టడం వల్ల రావట్లేదు. ఈ రెండూ ఒకటి కాదు. చట్టం ఉండగానే ఇన్ని అంతస్తులు లేచాయంటే, అది లేకపోతే మన్యంలో కోయవాళ్ళకి ఏం మిగిలేదో ఊహించడానికి డేటా సైన్స్ అక్కర్లేదు.

నా డిప్లొమా ఫ్రెండ్ ఒకడు కోయ. దుమ్ముగూడెం మండలం. కోచింగ్ కోసం ఊళ్ళో రూమ్ వెతికాడు. ఆ మూడో ప్రశ్న దగ్గర నాలుగు ఇళ్ళు పోయాయి. అయిదో ఇంట్లో టెర్రస్ మీద రేకుల గది ఇచ్చారు, మాంసం వండకూడదని కండిషన్. వాడు నవ్వుతూ అన్న మాట ఇది: "చట్టం ప్రకారం ఈ నేల మాది, లెక్క ప్రకారం అద్దె మాది." నాకు నవ్వు రాలేదు. ఎవరి కోసం చట్టం పుట్టిందో వాళ్ళే ఆ నేల మీద లేచిన మేడలో అందరికంటే ఎండ తగిలే గదిలో, రసీదు లేకుండా ఉన్నారు.

సరే, రసీదు లేకపోతే కొంప మునుగుతుందా అంటారా? మా ఊళ్ళో ఆ మాట ఊరికే అనేది కాదు. 1986లో గోదావరి ఇక్కడ 75.6 అడుగులకి వచ్చింది. 2022 జులైలో 71.3 అడుగులు. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగుల దగ్గర ఇస్తారు. 86 తర్వాత కట్టిన కరకట్ట ఊరిని కాపాడుతుంది, నిజమే. కానీ నది పెరిగితే కరకట్ట స్లూయిజులు మూసేయాలి. మూసేస్తే ఊళ్ళో పడ్డ వాన నీళ్ళకి దారి ఉండదు, మోటార్లు పెట్టి తోడాల్సిందే. తోడేలోపు గుడి పరిసరాల్లో, కొత్తకాలనీలో కింది పోర్షన్లలోకి నీళ్ళు వస్తాయి. 2022లో ప్రభుత్వం కుటుంబానికి 10 వేలు ప్రకటించింది. ఇలాంటి సాయం రాసుకోవడానికి వచ్చినవాళ్ళు మొదట అడిగేది "ఈ ఇంట్లో మీరే ఉంటున్నారా?" అనే. ఇల్లు ఓనర్‌ది. తడిసిన బియ్యం, పాడైన ఫ్రిజ్, పిల్లల సర్టిఫికెట్లు అద్దెకున్నవాళ్ళవి. ఇంటి పన్ను రసీదు ఓనర్ పేరు మీద ఉంటుంది, అద్దెకున్నవాళ్ళకి పక్కింటివాళ్ళ సాక్ష్యమే దిక్కు. వాళ్ళూ అద్దెకున్నవాళ్ళే అనుకోండి, ఇక అంతే.

నీళ్ళ కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది పిల్లర్లు. 2025 మార్చి 26న మా ఊళ్ళోనే కడుతూ ఉన్న బహుళ అంతస్తుల భవనం కుప్పకూలింది. శిథిలాల కింద పడి కార్మికులు చనిపోయారు. పాత నిర్మాణం మీదే కొత్త అంతస్తులు లేపారని అప్పుడు వార్తల్లో వచ్చింది. ఇంకొన్ని నెలలు నిలబడి ఉంటే దానికీ టులెట్ బోర్డు పడేదేమో. ఆ ఆలోచన నన్ను ఇప్పటికీ వదల్లేదు. హైదరాబాద్‌లో ఫ్లాట్ కొనేవాడు లోన్‌కి వెళ్తే బ్యాంకు ప్లాన్ అడుగుతుంది, అనుమతి అడుగుతుంది, వాల్యుయేషన్‌కి ఇంజినీర్‌ని పంపుతుంది. బ్యాంకు మన మీద ప్రేమతో చేయదు, తన డబ్బు కోసం చేస్తుంది. అయినా ఒక చెకింగ్ జరుగుతుంది. మా దగ్గర ఆ చెకింగ్ కూడా లేదు. చీటీ డబ్బులు, చేబదుళ్ళు, వడ్డీ డబ్బులతో ఇల్లు లేస్తుంది. రెండంతస్తులకి వేసిన పునాది మీద ఇంకో రెండు ఎక్కుతాయి. ఆ పైన మేం మంచాలు, బీరువా, వాటర్ డ్రమ్ములు ఎక్కిస్తాం. ఆ బిల్డింగ్‌లో ఎంతమంది నిద్రపోతున్నారో ఏ ఆఫీసు కంప్యూటర్‌లోనూ ఉండదు.

కేంద్రం 2021లో మోడల్ టెనెన్సీ చట్టం తెచ్చింది, అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటకూడదు, రాతపూర్వక ఒప్పందం ఉండాలి అని. అది నమూనా మాత్రమే. ఒకవేళ రాష్ట్రం తెచ్చుకున్నా, లీజు కూడా బదిలీ కిందికే వచ్చే మా ఏరియాలో ఒప్పందం రాయమంటే మళ్ళీ అదే గోడకి గుద్దుకుంటాం. అందుకే నేను అగ్రిమెంట్ అడగట్లేదు. నివాస చీటీ అడుగుతున్నాను. పంచాయతీ దగ్గర ఇంటి నంబర్ల రిజిస్టర్ ఎలాగూ ఉంది. ఇంటి పన్ను కట్టినంత మాత్రాన ఆ స్థలం మీద హక్కు వచ్చినట్టు కాదని అందరికీ తెలుసు, అయినా పన్ను కట్టించుకుంటున్నారు కదా. అలాగే ఈ నంబరు ఇంట్లో, ఈ అంతస్తులో, ఈ కుటుంబం, ఈ తేదీ నుంచి ఉంటోంది అని రాసి ఒక కాపీ వాళ్ళకివ్వాలి. స్థలం ఎవరిదో అందులో ఉండక్కర్లేదు. భూమి కేసులు వాటి దారిన నడుస్తాయి.

దీనికి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. ఒక ఆదివాసీ సంఘం అన్న నాతోనే అన్నాడు: "తమ్ముడూ, ఇవాళ చీటీ అంటావు, రేపు దాన్నే పట్టుకుని పదేళ్ళ నుంచి ఇక్కడే ఉన్నాం, మాకు పట్టా ఇవ్వండి అంటారు." ఆయన అనుమానంలో యాభై ఏళ్ళ అనుభవం ఉంది, కొట్టిపారేయలేను. అందుకే చీటీ మీదే "ఇది భూమి హక్కుకి ఆధారం కాదు" అని అచ్చు వేయాలి, ఏటా జూన్‌లో పాతది రద్దయి కొత్తది రావాలి, లిస్టు గ్రామసభలో చదవాలి. అప్పుడు ఏ బిల్డింగ్‌లో ఎన్ని అంతస్తులున్నాయో, ఎన్నింటికి అనుమతి ఉందో కూడా జనం ముందుకి వస్తుంది. ఓనర్లకి నచ్చనిది బహుశా ఇదే.

మొత్తం ఊరు ఒకేసారి అవసరం లేదు. కరకట్ట పక్క వీధులు, గుడి చుట్టూ ఉన్న వీధులు, మూడంతస్తులు దాటిన బిల్డింగులు. వీటితో మొదలుపెడితే గోదావరి పెరిగే జులైకి లిస్టు చేతిలో ఉంటుంది. దీనికి యాప్ కూడా అక్కర్లేదు, సీఎస్ఈ వాణ్ణయి ఉండి చెప్తున్నాను. ఉన్న రిజిస్టర్‌లో రెండు కాలమ్‌లు పెంచితే చాలు, ఒకటి అంతస్తు, ఇంకోటి ఉంటున్నవాళ్ళ పేరు.